గుంత పెనం ముందు ఇద్దరు: చిన్న తినుబండారాల దుకాణం, దాని యజమాని, పొరుగువారి బాధ్యత

కొత్త ఊరికి కాపురం వచ్చిన కుటుంబానికి ఇరుగుపొరుగు కంటె ముందుగా పరిచయమయ్యేది తరచుగా వీధి మలుపులోని టిఫిన్ దుకాణమే. ఇల్లు ఎక్కడ అద్దెకు దొరుకుతుందో, నీళ్లు ఏ వేళకు వస్తాయో, పిల్లలను ఏ బడిలో చేర్చవచ్చునో చెప్పేది ఆ దుకాణపు యజమాని. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే కోలారు గోల్డ్ ఫీల్డ్స్ పట్టణంలో ఇది అనుభవైకవేద్యం. ఇక్కడ ఒకే వంటకానికి పలు పేర్లు ఉన్నాయి. తెలుగువారు గుంత పొంగనాలంటారు. కన్నడిగులు పడ్డు అనీ గుళియప్ప అనీ అంటారు. తమిళులు కుళి పణియారమంటారు. పేర్లు వేరైనా పెనం ఒక్కటే.

ఆ పెనానికి తోబుట్టువు వంటిది జపాను దేశంలోని ఒసాకా నగరంలో కూడా ఉన్నది. అర్ధగోళాకారపు గుంతలు, అందులో పోసే పిండి, తిప్పడానికి సన్నని కడ్డీ: అన్నీ పరిచితమే. ఆ వంటకం పేరు తకోయాకి. బెంగళూరులో జపాను వంటకాలు వండే దుకాణాలు నేడు ఉన్నాయి. కోలారు జిల్లా నుంచి ప్రతి ఉదయం రైలులో బెంగళూరుకు పనికి వెళ్లే వేలాది మందిలో యువకులు వాటి పలకలను చూస్తూనే ఉంటారు. అటువంటి దుకాణానికి వెళ్లినప్పుడు ఏమి అడగవలెను, ఏమి తినవచ్చును, యజమానితో ఎట్లా మెలగవలెను అన్నది ఈ వ్యాసంలో మొదటి విషయం. అక్కడ నేర్చుకొన్నది మన వీధిలోని బండికి, చిన్న హోటలుకు ఎట్లా వర్తిస్తుందన్నది రెండవది.

కోలారుకూ జపానుకూ గల పాత పరిచయం

ఈ రెండు చోట్లను కలిపి చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని కోలారు బంగారు గనులకు ఒసాకాతో గల సంబంధం 60 ఏళ్ల నాటిది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, భూమికి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినో అనే అతిసూక్ష్మ కణాల జాడను శాస్త్రవేత్తలు పట్టుకొన్నారు. ఆ ప్రయోగాన్ని ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం కలిసి నిర్వహించాయి. ఆ బృందంలో ఒసాకా పక్షాన మియాకే, హినోతాని అనే శాస్త్రవేత్తలు ఉండగా, భారతీయుల పక్షాన ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంటన్, పి.వి. రమణమూర్తి వంటివారు పనిచేశారు. ఇదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరొక బృందం కూడా ఇటువంటి ఫలితాన్నే సాధించింది.

తరువాతి కాలంలో కె.జి.ఎఫ్.లోని బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారం జపానుకు చెందిన కొమాట్సు సంస్థ సాంకేతిక సహకారంతో బుల్డోజర్లను తయారు చేసింది. 2013లో జిల్లాలోని నరసాపుర పారిశ్రామిక ప్రాంతంలో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. అంటే జపానువారి యంత్రం, జపానువారి శాస్త్రం ఈ జిల్లాకు ముందే వచ్చాయి. వారి తిండి గురించిన తెలివిడి మాత్రం ఆలస్యంగా వస్తున్నది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులు మూతపడ్డాయి. తరతరాలుగా గనినే నమ్ముకొన్న కుటుంబాలలో కొందరు రైలెక్కి బెంగళూరు బాట పట్టారు. కొందరు ఊరిలోనే చిన్న వ్యాపారం పెట్టుకొన్నారు. చేతిలో పెద్ద పెట్టుబడి లేనివారికి వంట తెలిసిన చేయే పెట్టుబడి. అందుచేత చిన్న తినుబండారాల దుకాణం ఈ పట్టణంలో అనేక ఇళ్లకు బ్రతుకుతెరువు.

వలస వచ్చిన యజమాని, కొనుగోలుదారు చెప్పిన ఒక మాట

తకోయాకి పుట్టుక కూడా ఇటువంటి బ్రతుకుతెరువు కథే. ఎండో తోమెకిచి అనే వ్యక్తి జపాను ఉత్తర భాగాన ఫుకుషిమా ప్రాంతంలోని ఐజు సీమకు చెందినవాడు. ఉపాధి వెతుక్కుంటూ ఒసాకా చేరి, 1933లో చిన్న బండి పెట్టుకొన్నాడు. దానికి తన సొంత సీమ పేరు మీదుగా 'ఐజుయా' అని పేరు పెట్టాడు. పరాయి ఊరిలో హోటలుకు నెల్లూరు పేరో, కడప పేరో పెట్టుకొనే మన వారి మనస్సు ఎటువంటిదో ఆయన మనస్సూ అటువంటిదే.

మొదట ఆయన అమ్మినది తకోయాకి కాదు. గోధుమపిండి జారులో ఎద్దు మాంసపు ముక్కలను, కంద జాతి దుంపతో చేసే కొన్న్యాకు ముక్కలను వేసి గుండ్రంగా కాల్చేవాడు. ఆ రోజులలో రేడియో కొత్త వింత. అందువల్ల ఆ తినుబండారానికి 'రేడియో యాకి' అని పేరు వచ్చింది. 1935లో ఒక కొనుగోలుదారు, సమీపంలోని ఆకాషి ఊరిలో ఇటువంటి పిండివంటలో ఆక్టోపస్ వేస్తారని చెప్పాడట. ఎండో ఆ మాటను మన్నించి ప్రయత్నించాడు. జపాను భాషలో 'తకో' అంటే ఆక్టోపస్. 'యాకి' అంటే కాల్చినది. ఆ విధంగా తకోయాకి ప్రచారంలోకి వచ్చింది. ఐజుయా దుకాణం నేటికీ ఉన్నది. అక్కడ పాత పద్ధతిలో పైన ఏ సాసూ పోయకుండానే వడ్డిస్తారు.

ఈ వృత్తాంతంలో గమనించవలసినది ఒకటి ఉన్నది. వంటకం యజమాని చేతిలో పుట్టినా, దానిని మలచినది కొనుగోలుదారు చెప్పిన మాట. ఆ మాట చెప్పడానికి వీలైన దగ్గరితనం చిన్న దుకాణంలోనే ఉంటుంది. వండేవాడు, తినేవాడు పెనానికి చెరొక పక్క నిలబడే చోట ఫిర్యాదు, మెచ్చుకోలు రెండూ వెంటనే చేరవలసినచోటికి చేరతాయి.

దుకాణంలోకి అడుగుపెట్టినప్పుడు

సంప్రదాయ పద్ధతిలో నడిచే జపాను చిన్న దుకాణానికి గుమ్మం మీద చీలికలు గల పొట్టి తెర వేలాడుతుంది. దానిని నోరెన్ అంటారు. తెర బయట ఉంటే దుకాణం తెరిచినట్లు. లోపలికి తీసివేస్తే మూసినట్లు. లోపల పొడవైన బల్లకు ఒక పక్క యజమాని పొయ్యి, రెండవ పక్క కొద్దిపాటి కుర్చీలు ఉంటాయి. యజమాని పురుషుడైతే అలవాటుపడినవారు 'తైషో' అని పిలుస్తారు. దళనాయకుడు అని ఆ మాటకు అర్థం. మన వీధులలో దుకాణదారును 'అన్నా' అని, వంటవానిని 'మేస్త్రీ' అని పిలిచే పిలుపులో ఉండే చనువు, మన్నన రెండూ అందులో ఉన్నాయి.

కుర్చీలు తక్కువ కనుక తినడం పూర్తయిన తరువాత ఎక్కువసేపు కూర్చోకపోవడం మర్యాద. తినేముందు జపానువారు 'ఇతదాకిమాసు' అంటారు. వినయంతో స్వీకరిస్తున్నానని దాని భావం. తిన్న తరువాత 'గొచిసోసమా' అంటారు. భోజనానంతరం 'అన్నదాతా సుఖీభవ' అనే మన పెద్దల మాటకు అది దగ్గరిది. అన్నం గిన్నెలో పుల్లలను నిలువుగా గుచ్చరాదు. జపానులో మరణించినవారికి అన్నం పెట్టే తీరు అది కావడమే అందుకు కారణం. పుల్లలతో తినడం రానివారు చెంచా అడిగితే తప్పేమీ లేదు.

ఏమేమి ఉంటాయి

తకోయాకిలో గోధుమపిండి, గుడ్డు, 'దాషి' అనే రసం కలిపిన జారును నూనె రాసిన గుంతలలో నిండుగా పోస్తారు. ఆక్టోపస్ ముక్క, ఉల్లికాడ, ఊరబెట్టిన అల్లం వేస్తారు. అడుగు గట్టిపడగానే కడ్డీతో గుండ్రంగా తిప్పుతారు. పొంగనం లోపల మెత్తగా ఉడికి ఉంటుంది. తకోయాకి లోపల మాత్రం జావ వలె పలుచగా, చాలా వేడిగా ఉంటుంది. పొంగనం అనుకొని ఒకేసారి నోట వేసుకొంటే నాలుక కాలుతుంది. సగానికి విరిచి, ఆవిరి పోనిచ్చి తినడం మేలు. పైన చల్లే పలుచని చేప పొరలు ఆవిరికి కదలాడడం చూసి కొత్తవారు బెదరనవసరం లేదు.

రెండు వంటకాలకూ మరొక తేడా ఉన్నది. పొంగనాల పిండి బియ్యం, మినపపప్పు నానబెట్టి రుబ్బి, రాత్రంతా పులియబెట్టినది. దానికి రుచినీ గుల్లదనాన్నీ ఇచ్చేది ఆ పులుపు. తకోయాకి పిండి పులియదు. దాని రుచి దాషి నుంచి వస్తుంది.

ఒకొనొమియాకి మరొక ప్రసిద్ధ వంటకం. 'ఒకొనొమి' అంటే మీకు నచ్చినట్లు అని అర్థం. సన్నగా తరిగిన క్యాబేజీని పిండిలో కలిపి పెనం మీద మందంగా కాలుస్తారు. చూపునకు ఊతప్పాన్ని పోలి ఉంటుంది. ఒసాకాలో అన్నీ కలిపి పోస్తారు. హిరోషిమాలో పొరలు పొరలుగా పేర్చి నూడుల్సు కూడా చేరుస్తారు. యాకితోరి అంటే పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాల్చిన కోడిమాంసం. తైయాకి చేప ఆకారపు అచ్చులో కాల్చిన తీపి వంటకం. పేరులో, ఆకారంలో తప్ప అందులో చేప ఉండదు. మినుము, అలసందల కుటుంబానికే చెందిన అజుకి అనే ఎర్ర గింజలను ఉడికించి, చక్కెర కలిపి చేసిన పూర్ణం లోపల ఉంటుంది. బూరెలు, ఒబ్బట్లు తినేవారికి ఇది ఎంతమాత్రం కొత్త కాదు.

ముందుగా అడగవలసిన ప్రశ్నలు

శాకాహారులు ఒక విషయం తెలుసుకోవలసి ఉన్నది. కూరగాయలతో చేసినట్లు కనిపించే జపాను వంటకంలో కూడా దాషి ఉండవచ్చును. దాషిని సాధారణంగా కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగపట్టించిన ట్యూనా జాతి చేప కలిపి కాస్తారు. నాచుతో మాత్రమే కాచిన దాషి కూడా ఉన్నది. కనుక 'మాంసం ఉన్నదా' అని అడిగితే చాలదు; 'రసంలో చేప ఉన్నదా' అని అడగవలెను. పంది మాంసం తిననివారు రామెన్ నూడుల్సు రసాన్ని గురించి అడగవలెను. తొంకొత్సు అనే రసం పంది ఎముకలతో చేస్తారు. మద్యం పూర్తిగా విసర్జించేవారు మిరిన్ అనే తీపి వంట ద్రవం సంగతి విచారించవలెను. గోధుమ, గుడ్డు, సోయా, చేప పడనివారు ఆ సంగతిని ఆర్డరు ఇవ్వడానికి ముందే స్పష్టంగా చెప్పవలెను.

ఇట్లా అడగడం యజమానిని శంకించడం కాదు. తన వంటలో ఏమున్నదో యజమానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మంచి యజమాని ఈ ప్రశ్నను గౌరవంగానే స్వీకరిస్తాడు.

బండ్లు కనుమరుగు కాబోయిన నగరం

జపానులో బండి మీద నడిచే దుకాణాన్ని యతాయి అంటారు. దక్షిణాన ఉన్న ఫుకుఒకా నగరం వీటికి పేరు పొందింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఉపాధి కోల్పోయినవారు అనేకులు అక్కడ బండ్లు పెట్టుకొన్నారు. 1960ల దశకంలో వాటి సంఖ్య 400 దాటింది. తరువాత రద్దీ, మురుగునీరు, వాసన, కాలిబాటకు అడ్డం అనే ఫిర్యాదులు పెరిగాయి. 1990ల దశకంలో బండి అనుమతి ప్రస్తుత యజమానితోనే ముగియవలెనన్న నియమం వచ్చింది. కొత్తవారికి ప్రవేశం లేదు. యజమానులు వృద్ధులవుతున్న కొద్దీ బండ్లు తగ్గిపోయి, ఒకనాటికి వీధి ఖాళీ అయ్యే పరిస్థితి ఏర్పడింది.

2013లో ఆ నగరం యతాయిల కొరకు ప్రత్యేక నిబంధనావళిని అమలులోకి తెచ్చింది. బండి పరిమాణం, తెరిచే వేళలు నిర్ణయించింది. ధరలు కనబడేట్లు రాయవలెనన్నది. పచ్చి ఆహారం వడ్డించరాదన్నది. బండి చుట్టూ శుభ్రత యజమాని బాధ్యత అన్నది. ఈ క్రమశిక్షణకు బదులుగా, అర్హులైన కొత్తవారు బహిరంగంగా దరఖాస్తు పెట్టుకొనే అవకాశం కల్పించింది. నేడు అక్కడ సుమారు 100 బండ్లు నడుస్తున్నాయి. బండ్లను తొలగించడం, నియమం లేకుండా వదిలివేయడం అనే రెండు మార్గాలకు నడుమ మూడవ మార్గం ఉన్నదని ఆ నగరం చూపింది.

మన జిల్లాలోని పెనాలు

వీధి తిండి ఊరికి పేరు తేవడం కోలారు జిల్లాకు కొత్త కాదు. రంగు లేని స్వచ్ఛమైన నీటి వలె కనిపిస్తూనే ఘాటుగా ఉండే పానీతో బంగారుపేట పానీపూరి కర్ణాటకమంతటా ప్రసిద్ధి పొందింది. అంచు కరకరలాడే ముళబాగిలు దోసె ఊరి పేరుతోనే బెంగళూరు వీధులలో అమ్ముడవుతున్నది. ఇవి పెద్ద సంస్థలు పుట్టించిన రుచులు కావు. చిన్న పెనాల ముందు ఏళ్ల తరబడి నిలబడిన యజమానులు, వారి దగ్గరకు మరల మరల వచ్చిన కొనుగోలుదారులు కలిసి నిలిపినవి.

వీరికి రక్షణగా దేశమంతటికీ వర్తించే చట్టం ఉన్నది. 2014 నాటి వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం ముఖ్యాంశాలు ఇవి:

• ప్రతి నగరపాలక సంస్థ పరిధిలో వీధి వ్యాపారుల సర్వే జరగవలెను. అయిదేళ్లకు ఒకసారి తప్పక మరల జరగవలెను. మొదటి సర్వే పూర్తయి, వ్యాపార ధ్రువపత్రాలు అందేవరకు వ్యాపారిని తొలగించరాదు.

• పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు ఎన్నుకొన్న తమ ప్రతినిధులే అయి ఉండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు.

• తొలగింపునకు గాని, మరొక చోటికి మార్చడానికి గాని 30 రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను.

• సామాను స్వాధీనం చేసుకొంటే జాబితా ఇవ్వవలెను. వ్యాపారి కోరి, నిర్ణీత రుసుము చెల్లించిన తరువాత పాడవని వస్తువులను రెండు పనిదినాలలో, పాడయ్యే వస్తువులను అదే రోజు తిరిగి ఇవ్వవలెను.

• ధ్రువపత్రాన్ని అద్దెకు ఇవ్వరాదు. వ్యాపారి మరణించినా, శాశ్వతంగా అశక్తుడైనా, జీవిత భాగస్వామి లేదా ఆధారపడిన సంతానం వ్యాపారం కొనసాగించవచ్చును.

ఈ హక్కులకు వ్యాపారి మాతృభాషతో సంబంధం లేదు. చిత్తూరు నుంచి వచ్చి బండి పెట్టుకొన్న తెలుగు స్త్రీకి ఈ చట్టం ఎంత వర్తిస్తుందో, తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబానికీ అంతే వర్తిస్తుంది. హక్కులతో పాటు విధులు కూడా ఉన్నాయి. కేటాయించిన చోటనే నిలవవలెను. చుట్టుపక్కల శుభ్రంగా ఉంచవలెను. నిర్ణీత రుసుము చెల్లించవలెను.

పెట్టుబడి అవసరమైన వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో ప్రారంభమైన పి.ఎం. స్వనిధి పథకం కింద హామీ లేని రుణం లభిస్తుంది. 2025లో చేసిన మార్పుల ప్రకారం మొదటి విడత 15,000 రూపాయల వరకు, దానిని సకాలంలో తీర్చినవారికి రెండవ విడత 25,000, మూడవ విడత 50,000 రూపాయల వరకు ఇస్తారు. రుణాల మంజూరు గడువు 2030 మార్చి 31. ధ్రువపత్రం గాని, గుర్తింపు కార్డు గాని లేనివారు నగరసభ నుంచి సిఫారసు లేఖ కొరకు దరఖాస్తు చేసుకోవచ్చును.

వ్యాపారం గదిలో నడిచేదైతే నగరసభ వ్యాపార లైసెన్సు తీసుకోవలెను. బండి అయినా, గది అయినా ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. నమోదైన దుకాణానికి 14 అంకెల సంఖ్య ఇస్తారు. దానిని కొనుగోలుదారులకు కనిపించే చోట ఉంచవలెను.

కొనుగోలుదారు చేయదగినవి

దుకాణం బాగోగులను గమనించడానికి పెద్ద చదువు అక్కరలేదు. తాగునీటి పాత్రకు మూత ఉన్నదా? వండే చేయి, డబ్బు పుచ్చుకొనే చేయి ఒక్కటేనా? నూనె నల్లబడి పొగలు కక్కుతున్నదా? పచ్చి మాంసాన్ని, వండిన పదార్థాన్ని వేరువేరుగా ఉంచారా? తినుబండారాన్ని అచ్చు కాగితంలో పొట్లం కడుతున్నారా? అచ్చు సిరా వేడి నూనెతో ఆహారంలోకి చేరుతుంది కనుక ఆ అలవాటు ప్రమాదకరం. లోపం కనిపిస్తే మొదట యజమానితోనే మెల్లగా చెప్పడం మేలు. ఎండో తోమెకిచి విన్నట్లు అనేకమంది వింటారు. చెప్పినా మారకపోతే, జనారోగ్యానికి హాని ఉంటే, నగరసభ ఆరోగ్య విభాగానికి తెలియజేయవలెను.

మరొక సంగతి. అప్పు పెట్టి నెలల తరబడి తీర్చకపోవడం, ఎంగిలి పళ్లేన్ని బండి పక్కనే పారవేసి వెళ్లడం, బేరమాడి ధర కోసివేయడం చిన్న దుకాణాన్ని నెమ్మదిగా కుంగదీసే పనులు. పెద్ద హోటలు ఒక కొనుగోలుదారును పోగొట్టుకొంటే తెలియదు. పది మందితో నడిచే బండికి ఒకరు తగ్గితే ఆ సాయంత్రమే తెలుస్తుంది. పొయ్యి ఆరిపోయిన చోట మరల వెలిగించడం కష్టం.

వీధి వ్యాపారం చేసుకొంటున్న తెలుగు కుటుంబాలు ధ్రువపత్రం, ఆహార భద్రతా నమోదు, రుణ దరఖాస్తుల వివరాలకు నగరసభ కార్యాలయాన్ని స్వయంగా సంప్రదించవలెను. దళారులకు సొమ్ము చెల్లించవద్దు. వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఛాయాచిత్రాలు, వ్యాపారం చేసే చోటు వివరం వెంట ఉంచుకోవలెను. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసిన రసీదు అడిగి తీసుకొని భద్రపరచుకోవలెను. తొలగింపు నోటీసు వచ్చిన రోజున ఆ కాగితమే వ్యాపారి పక్షాన మాట్లాడుతుంది.